బాబాయితో వేపేరికి

బాబాయి మోకాలి ఆపరేషన్ అయి ఎనిమిది నెలలైంది. మెట్లెక్కడం ఫర్వాలేదు, దిగడమే కష్టం. అందుకే "చెన్నైలో మీటింగుంది, తోడు రావాలమ్మాయ్" అని ఫోన్ చేస్తే కాదనలేకపోయాను. దేవుడు లేడనేవాళ్ల మీటింగని నాకు తెలుసు. నేను శనివారాలు ఒంటిపూట ఉంటానని ఆయనకూ తెలుసు.

డిసెంబర్ 24 పొద్దున్నే తెనాలిలో పినాకిని ఎక్కాం. ధనుర్మాసం. స్టేషన్‌కి వస్తుంటే గుళ్లో మైకులో తిరుప్పావై వినిపిస్తోంది. బాబాయి మఫ్లర్ చెవుల మీదికి లాక్కున్నాడు. చలికో, పాశురానికో అడగలేదు.

బండి కదలగానే మొదలుపెట్టాడు. తెనాలిలో పుట్టినవాడికి ఈ భావాలు ఎవరూ నేర్పక్కర్లేదట. హేతువాద కవి త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం అని ఇల్లు కట్టుకుని ఉన్న ఊరు. పెళ్లితంతును ఆయనే తెలుగులో రాసి పెళ్లిళ్లు చేయించేవాడు. మా తాతయ్య పెళ్లి కూడా అలాగే, అందరికీ అర్థమయ్యే తెలుగులో జరిగిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. అదే తాతయ్య పెద్ద కొడుకు, అంటే మా నాన్న, ఏటా సత్యనారాయణ వ్రతం చేసేవాడు. చిన్న కొడుకు ఈయన.

గూడూరు దాటాక మాటలు అయిపోయాయి. మా ఇద్దరి మధ్యా నాలుగేళ్లుగా అలాగే అవుతోంది. నాన్న పోయినప్పుడు బాబాయి శ్మశానం దాకా వచ్చాడు, తంతు మొదలవుతుంటే వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. పెద్దకర్మకి రానేలేదు. "నాకు నమ్మకం లేదని తెలుసుగా" అన్నాడు తర్వాత. తెలుసు. అయినా వంటవాళ్లకి డబ్బులివ్వడం, బంధువులను స్టేషన్ నుంచి తీసుకురావడం, అమ్మ పక్కన కూర్చోవడం, ఇవన్నీ నమ్మకం అవసరం లేని పనులు. అవి నేనూ మా తమ్ముడూ చూసుకున్నాం. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. అమ్మ మాత్రం ఆయనతో మాట్లాడటం మానేసింది.

సెంట్రల్‌లో దిగి ఆటో మాట్లాడుకుంటుంటే డ్రైవరు మమ్మల్ని చూడగానే "మెరీనాకా?" అన్నాడు. ఆ రోజు తమిళ నాస్తిక నాయకుడు పెరియార్‌దే కాదు, మెరీనాలో సమాధి ఉన్న ఎం.జి.ఆర్. వర్ధంతి కూడా. 1987లో పోయింది ఇదే తేదీన. మేం దిగిన స్టేషన్‌కి ఉన్నదీ ఆయన పేరే. "కాదు, వేపేరి, పెరియార్ తిడల్" అన్నాడు బాబాయి. డ్రైవరు అరవం కలిసిన తెలుగులో "ఓ, అదా! రెండూ ఒకే నాడు సార్. నాకు ఇటు సవారీ, అటు సవారీ" అని నవ్వాడు. అద్దం కింద మురుగన్ బొమ్మ, దాని పక్కనే నల్ల కళ్లజోడుతో ఎం.జి.ఆర్. దారిలో చర్చిల ముందు క్రిస్మస్ నక్షత్రాలు వేలాడుతున్నాయి. ఆ ఊళ్లో ఆ రోజు ఎవరి పండగ వాళ్లది.

తిడల్ అంటే మైదానం. పోలీస్ కమిషనర్ ఆఫీసు ఉన్న రోడ్డు మీదే ఉంది. లోపలికి వెళ్తే అంతా నల్లచొక్కాలు. నల్ల జెండా, మధ్యలో ఎర్రటి గుండ్రం. పెరియార్ 1973 డిసెంబర్ 24న వెల్లూరు ఆస్పత్రిలో పోతే ఇక్కడికి తెచ్చి పాతిపెట్టారు. భార్య మణియమ్మై సమాధి కూడా ఇక్కడే. ఏటా ఈ రోజున వచ్చి దండలు వేస్తారు. తమిళనాడులో ఆయన విగ్రహాల పీఠాల మీద చెక్కి ఉండే మాటలు బాబాయి నోటివెంట చిన్నప్పటి నుంచీ వింటున్నవే: దేవుడు లేడు, దేవుడు లేడు, దేవుడు లేనేలేడు. దేవుణ్ణి కల్పించినవాడు మూర్ఖుడు, ప్రచారం చేసినవాడు దుర్మార్గుడు, మొక్కేవాడు అనాగరికుడు. ఆ మూడోవాడిని నేను. సరే, విన్నాను.

సమాధి దగ్గరికి వచ్చేసరికి నా కాళ్లు చెప్పులు వదిలేశాయి. అలవాటు. పక్కనున్న నల్లచీర ఆవిడ తమిళంలో ఏదో అని నవ్వింది. "వేసుకోమంటోంది, ఇది గుడి కాదంటోంది" అని చెప్పాడు బాబాయి. వేసుకున్నాను. "మరి ఈ దండలేంటి?" అన్నాను. "ఈయన మనిషి కాబట్టి" అన్నాడు. నాకు పెద్దగా నచ్చని జవాబు. కానీ ఆయన దండ పట్టుకుని ముందుకు వంగలేక నా భుజం మీద చెయ్యి వేస్తే, ఆ దండ నేనే అందుకుని పెట్టాను.

బాబాయి వచ్చిన అసలు మీటింగు సాయంత్రం, పురసవాక్కంలో ఒక మేడ మీది హాల్లో. చెన్నైలో ఉండే తెలుగువాళ్లు, నలభై మంది దాకా ఉంటారు. మెట్లు ఇరవై రెండు, నేను లెక్కపెట్టాను. గోడ మీద పెరియార్ పక్కన మన తెలుగు నాస్తికుడు గోరా ఫోటో. సమోసాలు, టీ.

ముందు ఒక కాలేజీ అమ్మాయి 'మహిమలు' చూపించింది. ఈ సాయంత్రంలో నాకు బాగా నచ్చింది ఇదే. మందారపూలు రుద్దిన కత్తితో నిమ్మకాయ కోస్తే 'రక్తం' కారింది. పూల రంగుకి పులుపు తగిలితే ఎర్రబడుతుందంతే. తర్వాత గాలిలోంచి విభూతి తీసింది. విభూతిని గంజితో తడిపి, గోళీల్లా చేసి ఎండబెడతారు. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య సందులో దాచుకుని, చెయ్యి గుండ్రంగా తిప్పుతూ వేళ్లతో నలుపుతారు. నన్ను పిలిచి నా చేతిలోనూ ఒకటి పెట్టింది. మొదటిసారి కింద పడి దొర్లింది. రెండోసారి నలగలేదు. మూడోసారి అరచేయి నిండా బూడిద. ముందు వరసలో ఒక పెద్దాయన అలవాటుకొద్దీ చెయ్యి చాపాడు, హాలంతా నవ్వు. ఆయనా నవ్వాడు.

తర్వాత బెంగళూరు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ హెచ్. నరసింహయ్య గురించి చెప్పారు. ఖద్దరు కట్టే గాంధేయవాది, అమెరికాలో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసినవాడు, పెళ్లి చేసుకోకుండా నేషనల్ కాలేజీ హాస్టల్ గదిలోనే బతికినవాడు. బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉండగా, 1976లో, మహిమలను శాస్త్రీయంగా పరీక్షించడానికి ఒక కమిటీ వేశారు. పుట్టపర్తి సాయిబాబాకి ఉత్తరాలు రాశారు, జవాబు రాలేదు. ఉంగరాలూ విభూతీ కాదు, చేతిలో దాచలేని గుమ్మడికాయ సృష్టించి చూపించమన్నాడట. నాకు గుమ్మడికాయ కంటే ఆ హాస్టల్ గది ఎక్కువ గుర్తుండిపోయింది.

ఆ తర్వాతి వక్త మైకు పట్టుకుని దేవుళ్ల పెళ్లాలను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. నాకు ఒళ్లు మండింది. 1953లో పెరియార్ మట్టి వినాయకుళ్లను పగలగొట్టించిన సంగతి అందుకున్నాడు. అప్పుడు వెనక నుంచి ఒక నుదుటిబొట్టు పెద్దాయన లేచి, "ఆ కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది, అదీ చెప్పండి" అన్నాడు. ఆయన లాయరు. వాళ్లను శిక్షించలేదు, నిజమే, కానీ 1958లో కోర్టు ఏమందంటే, నీకు అది మట్టిముద్దే కావచ్చు, ఒక వర్గం పవిత్రమనుకుంటే చట్టం దాన్ని పవిత్రంగానే చూస్తుంది అని. "పగలగొట్టేందుకు మీరు కొన్నా సరే" అని కూర్చున్నాడు. ఆ తర్వాత వాదన అరగంట నడిచింది. ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు కానీ, టీ మాత్రం ఆ లాయరుకి ఆ వక్తే తెచ్చి ఇచ్చాడు.

బాబాయి కుర్చీలో కూర్చునే మాట్లాడాడు. గోరా మీ ఊళ్లోనే ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం చదివాడు, నాస్తికుడన్న కారణంతో 1933లో కాకినాడలో లెక్చరర్ ఉద్యోగం పోయింది, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు అంటూ గబగబా చెప్పేసి, గాంధీ దగ్గర ఆగాడు. గోరా తన పెద్దమ్మాయి మనోరమని దళిత యువకుడికిచ్చి పెళ్లి చేయాలనుకున్నాడు. ఆ పెళ్లి సేవాగ్రాంలో జరిపిస్తానని గాంధీ ఒప్పుకున్నాడు. ప్రమాణంలో 'దేవుడి సాక్షిగా' అనే చోట ఏమనాలి? దేవుడి బదులు సత్యం అంటానన్నాడు గాంధీ. జనవరిలో ఆయన్ని చంపేశారు. 1948 మార్చిలో ఆ పెళ్లి సేవాగ్రాంలోనే జరిగింది. "ఒకాయన రాముడి పేరు వదలడు, ఒకాయన అసలు తలవడు. అయినా ఆ పిల్ల పెళ్లికి కావాల్సిన ఒక్క మాట ఇద్దరూ కూర్చుని వెతుక్కున్నారు" అన్నాడు బాబాయి. తమిళనాట ఇలాంటి పెళ్లిళ్లకు 1967లో అన్నాదురై ప్రభుత్వం చట్టమే చేసిందని ఎవరో అందించారు. దండలు మార్చుకున్నా, ఇద్దరికీ తెలిసిన భాషలో మాట చెప్పుకున్నా చాలు, పురోహితుడు అక్కర్లేదు.

చివర్లో చీటీలు. పెరియార్ సభల్లో జనం చీటీల మీద ప్రశ్నలు రాసి పంపితే ఆయన చదివి జవాబు చెప్పేవాడట, వీళ్లూ ఆ పద్ధతే పెట్టుకున్నారు. బిగ్ బ్యాంగ్, పునర్జన్మ, వాస్తు. ఆరో చీటీని ఆ కాలేజీ అమ్మాయి చదివింది. చదువుతూ గొంతు తగ్గించింది.

"మా ఆయన పోయి మూడు నెలలైంది. ఆయనకు నమ్మకం లేదు, కర్మ వద్దన్నాడు, చేయించలేదు. మూడో రోజు నుంచి మా ఇంటికి ఎవరూ రాలేదు. కర్మ ఉంటే పదకొండు రోజులూ జనం ఉండేవాళ్లు. మీరెందుకు రాలేదు?"

పేరు లేదు. గోడ పక్కన కూర్చున్న ఒకావిడ తల వంచుకుని ఉంది, ఆవిడేనేమో. ఒకాయన కళ్లదానం, శరీరదానం గురించి మొదలుపెట్టాడు. మంచి విషయాలే, ఆ ప్రశ్నకి జవాబులు కావు. నిర్వాహకుడు ఫ్యాన్ వైపు చూస్తున్నాడు.

బాబాయి మైకు అడిగాడు. "నేను ఈ ఊరివాణ్ణి కాదు కాబట్టి నేను రాలేదని తప్పించుకోవచ్చు. మా ఊళ్లో కూడా నేను పోలేదమ్మా. సొంత అన్న పోతే పోలేదు. మంత్రాలు వినకూడదని వెళ్లిపోయాను. మంత్రాలు గంటన్నర. మిగిలిన పది రోజులు నేనేం చేశానో ఇప్పుడు చెప్పమంటే..." అని ఆగాడు. ఇక చెప్పలేదు. నేను ఆయన సంచీ ఒళ్లో పెట్టుకుని మూడో వరసలో ఉన్నాను. నా వైపు చూడలేదు.

మీటింగయ్యాక ఇద్దరు ముగ్గురు ఆవిడ దగ్గరికి వెళ్లి ఇల్లెక్కడో అడుగుతున్నారు. మెట్లు దిగడానికి మాకు పది నిమిషాలు పట్టింది.

ఆ రాత్రి వెస్ట్ మాంబళంలో అత్త ఇంట్లో పడుకున్నాం. బాబాయికి పెద్దక్క. తెల్లవారుజామున లేచి పూజ చేసి, మిరియాలు దట్టంగా వేసిన కట్టెపొంగలి పెట్టింది. "ప్రసాదంరా, తింటావా?" అంది కావాలనే. "ప్రసాదమంటే వద్దంటా, పొంగలంటే రెండోసారి కూడా అడుగుతా" అన్నాడు. రెండోసారి అడిగాడు కూడా.

మధ్యాహ్నం తిరుగు బండి. నెల్లూరులో ఆగినప్పుడు, కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నాడు.

"అన్నయ్యకి మళ్లీ ఎప్పుడు పెడుతున్నారు?"

"మాఘ బహుళ పంచమి."

"తిథి నాకెందుకమ్మాయ్, తారీఖు చెప్పు."

"క్యాలెండర్ చూడాలి. ఫిబ్రవరిలో వస్తుంది."

"పీటల దగ్గర కూర్చోను. ముందే చెబుతున్నా."

"ముప్పై మందికి వంట. కూరలు తరగాలి."

"తరుగుతా." కాసేపాగి, "వదిన ఏమంటుందో" అన్నాడు.

అమ్మని అడిగి చెబుతానన్నాను. "నువ్వెందుకు, నేనే అడుగుతా" అని ఫోన్ తీసి, కళ్లజోడు వెతుక్కుని, నంబరు నొక్కాడు. "వదినా, నేను" అన్నాడు. ఆ తర్వాత కావలి దాకా అవతల నుంచి అమ్మే మాట్లాడింది.