గెలిచిన ఆటను డ్రా చేసిన నా చెస్ ప్రోగ్రామ్

ఎత్తులు తయారు చేయడం, ఆల్ఫా-బీటా సెర్చ్ (పనికిరాని దారులు వదిలేస్తూ మంచి ఎత్తు వెతికే పద్ధతి), హాష్ టేబుల్ (లెక్కించిన స్థితుల స్కోర్లని, ఒక్కోదానికి "కీ" అనే గుర్తింపు నంబరుతో దాచుకునే పట్టిక) అన్నీ రెండు వారాల్లో అయిపోయాయి. ఆ తర్వాత మూడు రాత్రులు ఒక్క ఏనుగు నా నిద్ర మింగేసింది.

తెల్లపావులు నా ప్రోగ్రామ్‌వి, ఒక ఏనుగు ఎక్కువ. ఏనుగును ఈ1 నుంచి ఈ2కి జరిపింది. నల్లరాజు జి8 నుంచి హెచ్8కి వెళ్లాడు. ఏనుగు మళ్లీ ఈ1కి, రాజు మళ్లీ జి8కి. ఇంకోసారి అదే తంతు. ప్రతి ఎత్తుకీ +5.20 (అంటే ఐదు బంట్లకి పైగా ఆధిక్యం) అని దర్జాగా చూపిస్తూనే, అదే స్థితిని మూడోసారి తెచ్చి డ్రా చేసుకుంది. అదీ నలుగురు స్నేహితులు చూస్తుండగా!

"రెండు స్థితులకి ఒకే కీ వస్తోంది, టేబుల్ పెంచు" అన్నాడు వాళ్లలో అన్నీ తెలిసినవాడు. నమ్మి, జోబ్రిస్ట్ కీలకి (ఏ పావు ఏ గడిలో ఉందో దాన్నిబట్టి ర్యాండమ్ నంబర్లు కలిపి చేసే కీలకి) వాడిన 781 ర్యాండమ్ నంబర్లూ తిరగేశాను. 12 రకాల పావులకి 64 గళ్ల చొప్పున 768, ఎత్తు ఎవరిదో చెప్పడానికి 1, క్యాస్లింగ్‌కి (రాజు, ఏనుగు కలిసి కదిలే ఎత్తు) 4, ఎన్‌పాసెంట్‌కి (రెండు గళ్లు దూకిన బంటుని పక్క బంటు కొట్టే ఎత్తు) 8. ఒక్కటీ తప్పు లేదు. నా కీలు బంగారం.

మూడో రాత్రి సెర్చ్‌లో జరిగేదంతా ప్రింట్ చేయిస్తే దొంగ దొరికాడు. ఈ2 ఎత్తు తర్వాతి స్థితికి టేబుల్‌లో పాత +5.20 ఉంది, లోతు (ఎన్ని ఎత్తులు ముందుకి చూసి లెక్కించామన్నది) కూడా సరిపోతుంది. ప్రోగ్రామ్ అది తీసుకుని వెంటనే వెనక్కి వచ్చేస్తోంది. పునరావృతమైందా అని చూసే కోడ్ దాని కింద ఉంది, అక్కడిదాకా వెళ్లడమే లేదు. కీకి బోర్డు తెలుసుగానీ, అక్కడికి ఎలా వచ్చామో, ఎన్నోసారి వచ్చామో తెలియదు కదా!

మూడు లైన్లు పైకి జరిపాను, అంతే. ముందు పునరావృతం, తర్వాతే టేబుల్. మీరూ ఈ వరుస తప్పకండి. చరిత్ర మొత్తం వెతకక్కర్లేదు. చివరి బంటు కదలిక లేదా కొట్టుడు దాకా, రెండేసి ఎత్తులు వెనక్కి పోతే చాలు. టేబుల్ పెంచమనేవాళ్ల మాట మాత్రం వినకండి.

అంతటితో తీరలేదు. ఇప్పుడు పునరావృతానికి వచ్చిన 0 (డ్రా స్కోరు) దాని ముందటి స్థితి స్కోరులోకి ఎక్కి, అక్కడ టేబుల్‌లో కూర్చుంటోంది. రేపు వేరే దారిలో, పునరావృతం లేకుండా అదే స్థితికి వస్తే ఆ 0 అబద్ధం. చరిత్రనూ కీలో కలిపేద్దామంటే, వేర్వేరు దారుల్లో వచ్చిన ఒకే స్థితిని గుర్తుపట్టడం పోతుంది. ఇక టేబుల్ ఎందుకు? తర్వాత ఐబీఎం చెస్ కంప్యూటర్ డీప్ బ్లూ బృందంలో పనిచేసిన ముర్రే క్యాంప్‌బెల్ 1985లోనే దీనిమీద పేపర్ రాశారట. చాలా చెస్ ప్రోగ్రామ్‌లు ఈ లోపంతోనే కాపురం చేస్తున్నాయని తెలిశాక నా పరువు కొంచెం నిలబడింది. ఆ 0ని టేబుల్‌లో పెట్టే లైను పక్కన "ఇది తప్పని తెలుసు" అని కామెంట్ రాసి, పడుకున్నాను.