గ్రూప్-1 మెయిన్స్: పొలిటికల్ యాడ్స్ టాపిక్ నేను ఎలా చదివానంటే

ఫ్రెండ్స్, పాలిటీలో ఎలక్షన్స్ అనగానే ఆర్టికల్ 324 (ఎన్నికల సంఘం గురించి చెప్పేది), కమిటీల సిఫార్సులు బట్టీ కొట్టేసి చాలామంది ముందుకెళ్లిపోతారు, యాడ్స్ మీద ఉన్న రూల్స్ ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం ఆ చాప్టర్‌లో అన్నిటికన్నా ముఖ్యం అదే అనిపించింది, ఎందుకంటే రేపు మనలో ఎవరైనా ఆర్డీవో అయితే రిటర్నింగ్ ఆఫీసర్‌గా వీటిని అమలు చేయాల్సింది మనమే.

నేను నోట్స్‌తో కాకుండా కరపత్రంతో మొదలుపెట్టా. ఎలక్షన్ టైమ్‌లో ఇంటికొచ్చింది ఒకటి తీసి చూడండి, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ప్రెస్ పేరు, అడ్రస్, వేయించినవాళ్ల పేరు ఉంటాయి. అది ప్రజాప్రాతినిధ్య చట్టం 1951, సెక్షన్ 127ఏ. అవి లేకుండా వేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 వరకు ఫైన్, లేదా రెండూ. కాగితం చేతిలో పట్టుకుని సెక్షన్ చదివితే ఇంక మర్చిపోరు.

టీవీ యాడ్స్ సంగతి మన హైదరాబాద్ నుంచే మొదలైంది. కేబుల్ టీవీ రూల్స్ 1994లో 7(3) ప్రకారం రాజకీయ ప్రకటనలు వేయకూడదు, దాన్ని 2004లో ఏపీ హైకోర్టు కొట్టేసింది, జెమినీ టీవీ కేసు అంటారు. సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 13న ఇచ్చిన ఆర్డర్‌తో ముందే సర్టిఫికెట్ తీసుకుని యాడ్ వేసుకునే పద్ధతి వచ్చింది, ఇప్పుడు ఆ పని చూసేది ఎంసీఎంసీ, అంటే మీడియా సర్టిఫికేషన్ అండ్ మానిటరింగ్ కమిటీ. గుర్తింపు పొందిన పార్టీలైతే 3 రోజుల ముందు అప్లై చేయాలి, మిగతావాళ్లు 7 రోజుల ముందు. సోషల్ మీడియా యాడ్స్‌ని కూడా 2013లో ఇందులోకి తెచ్చారు.

డబ్బు విషయానికొస్తే పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభకి 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు అని ఖర్చు లిమిట్లు రాసి ఆపేయకండి, అవి అభ్యర్థికే, పార్టీ ఖర్చుకి సీలింగే లేదు. 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలోకే వస్తుందంది. పార్లమెంటు వెంటనే అదే 1951 చట్టంలో అభ్యర్థి ఖర్చు లెక్క గురించి ఉన్న సెక్షన్ 77ని సవరించి ఆ తీర్పు పనిచేయకుండా చేసింది. 2003లో మళ్లీ మార్చారు గానీ పార్టీ పేరు మీద జరిగే మామూలు ప్రచారానికి హద్దు మాత్రం రాలేదు. ఇచ్చినవాళ్ల పేరు బయటకి రాకుండా పార్టీలకి డబ్బు చేరే ఎలక్టోరల్ బాండ్స్‌ని కొట్టేసిన తీర్పు (2024 ఫిబ్రవరి 15) అందరూ రాస్తారు, దాన్ని ఈ పాయింట్‌కి కలిపి రాయండి, వచ్చే డబ్బు ఎవరిదో తెలియాలని కోర్టు చెప్పింది సరే, పోయే డబ్బు ఎంతైనా కావచ్చు అనేది అలాగే ఉంది.

నాకు నిజంగా బాధ అనిపించేది నిజం-అబద్ధం దగ్గర. అదే చట్టంలో ఎన్నికల అక్రమాల గురించిన సెక్షన్ 123(4) పూర్తిగా చదవండి, అభ్యర్థి వ్యక్తిగత నడవడి మీద, తను నిజమని నమ్మకుండా చెప్పిన అబద్ధమే అందులోకి వస్తుంది, అది కూడా ఎలక్షన్ అయ్యాక హైకోర్టులో పిటిషన్ వేసుకోవాలి. "ఇన్ని లక్షల ఉద్యోగాలిచ్చాం" అనే అంకె తప్పైతే ఈ సెక్షన్ కదలదు. ఎంసీఎంసీ చూసేది మతం, హింస, పరువు నష్టం లాంటివి, అంకెల లెక్క తీసే ఏర్పాటు అక్కడ లేదు. సబ్బుల యాడ్స్ చూసే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ పొలిటికల్ యాడ్స్ జోలికే రాదు. నోటిఫికేషన్ల కోసం ఏళ్లకేళ్లు రూముల్లో కూర్చున్న మనకి ఆ ఉద్యోగాల అంకె ఎంత విలువైనదో వేరేవాళ్లు చెప్పాలా?

కానీ ఆన్సర్‌లో "ప్రభుత్వమే నిజం తేల్చాలి" అని గబుక్కున రాసేయొద్దు, అధికారంలో ఉన్నోడి చేతికి ఆ పవర్ ఇస్తే ఏమవుతుందో రాజ్యాంగంలోని 19(1)(ఏ), అంటే వాక్ స్వాతంత్ర్యంతో ఒక లైన్ పెట్టండి. నేనైతే యాడ్‌లో చెప్పిన అంకెకి ఆధారం ఏంటో సర్టిఫికెట్ అప్లికేషన్‌లోనే ఇవ్వాలి, అది జనానికి కనపడాలి అని రాస్తా. డీప్‌ఫేక్స్‌కి (ఏఐతో తయారుచేసిన నకిలీ వీడియోలు, ఆడియోలు) 2024 మే 6 నాటి ఎన్నికల సంఘం ఆదేశం చాలు, దృష్టికొచ్చిన 3 గంటల్లో పార్టీలు తీసేయాలి.

1951 చట్టం బేర్ యాక్ట్‌లో, అంటే వ్యాఖ్యానం లేని అసలు చట్టం పుస్తకంలో 77, 123, 126, 127ఏ, ఈ నాలుగు సెక్షన్లు ఒక్క సాయంత్రంలో అయిపోతాయి, వాటి తర్వాతే కోచింగ్ మెటీరియల్ తెరవండి.