బోనెక్కే ముందు మా ఆఫీసు గదిలో

మా ఆఫీసులో ఒక పాత చెక్క కుర్చీ ఉంది. దానికి ఒక కాలు పొట్టి. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వను. సాక్ష్యం చెప్పాల్సిన కక్షిదారు దాని వెనక నిలబడి, వీపు పలక పట్టుకుని మాట్లాడాలి. అదే మా బోను. పట్టు బిగిస్తే కుర్చీ టకటకమంటుంది. ఏ ప్రశ్న దగ్గర మనిషి కంగారుపడుతున్నదీ నాకు ఆ చప్పుడే చెబుతుంది.

చిత్తూరు కోర్టుల్లో ఇరవై రెండేళ్లుగా సివిల్ కేసులు చేస్తున్నాను. గ్రీమ్స్‌పేటలో ఇంటి ముందు గదే ఆఫీసు. ఈ కుర్చీ తతంగం చూసి మా చుట్టాలు "సాక్షులకు అబద్ధాలు నేర్పుతున్నావా?" అని ఎగతాళి చేస్తారు. కాదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మరు. ఆ మధ్య నడిపిన ఒక ప్రోనోటు దావా సంగతి రాస్తే కొంత తెలుస్తుందేమో. ఆవిడ సరేనన్నాకే రాస్తున్నాను, అంకెలు కాస్త మార్చాను.

ఆవిడది బంగారుపాళ్యం దగ్గర పల్లె. భర్త పోయాడు. పాడి ఆవులు, రెండెకరాల తోతాపురి తోట. దూరపు బంధువుకు మూడు లక్షలు అప్పిచ్చింది, నూటికి రెండు రూపాయల వడ్డీ. అతను ఒక్క పైసా కట్టలేదు. ప్రోనోటు మీద దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు తీరడానికి ఇరవై రోజుల ముందు నా దగ్గరికి వచ్చింది. హడావిడిగా దావా వేశాను. అతని జవాబు ఈ జిల్లాలో నేను వందసార్లు చదివినదే. చీటీ కోసం ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టి ఇచ్చాడట, ఈవిడ దాన్ని నింపుకుని కోర్టుకెక్కిందట.

ప్రోనోటు అతను రాసిచ్చిందేనని తేలితే, డబ్బు ముట్టిందనే ఊహతో కోర్టు మొదలుపెడుతుంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ చెప్పేది అదే. కానీ ఆ ఊహను చెరిపే అవకాశం ఎదుటివారికి ఉంది. అందుకు వాళ్లకు వేరే సాక్షులు అక్కర్లేదు, మన సాక్షి నోరే చాలు.

అమెరికాలో పెద్ద కేసులున్న వకీళ్లు కోర్టుకు వెళ్లే ముందే మామూలు జనాన్ని డబ్బిచ్చి పిలిపించి, ఉత్తుత్తి జ్యూరీగా కూర్చోబెట్టి కేసు వినిపిస్తారు. మన దగ్గర జ్యూరీలే లేవు, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వాటిని పూర్తిగా వదిలేసింది. నాకు మా అత్తగారు ఉన్నారు. పేర్లు చెప్పకుండా, నేను ఎవరి వైపో చెప్పకుండా రెండు కథలూ ఆమె ముందు పెడతాను. ఆ రోజు పితికిపప్పు కోసం నానిన అనపగింజలు పితుకుతూ విన్నారు. పప్పు గిన్నెలోకి, పొట్టు చాటలోకి పడుతూనే ఉన్నాయి. చివరికి "ఆవులు పెట్టుకున్న మనిషికి ఒక్కసారిగా మూడు లక్షలు ఎక్కడివి? ఇచ్చింది పో, మూడేళ్లు ఎందుకు నోరు మెదపలేదు?" అన్నారు. తర్వాత క్రాస్‌లో, అంటే మన సాక్షిని ప్రశ్నించే వంతు వచ్చినప్పుడు, ఎదుటి వకీలు గారు అడిగినవీ ఇవే, కాకపోతే ఆయన గంటన్నర తీసుకున్నారు.

డబ్బు ఎక్కడిదో ముందే తేల్చుకోవాలని ఆవిడను కాగితాలన్నీ తెమ్మన్నాను. ప్లాస్టిక్ కవరు విప్పి బల్ల మీద పరిచింది. బ్యాంకు పాసుపుస్తకంలో ప్రోనోటు తేదీకి నాలుగు రోజుల ముందు లక్షా ఎనభై వేలు తీసినట్టు ఉంది. మిగతాది రెండు ఆవులు అమ్మిన సొమ్ము అంది. అమ్మినట్టు కాగితం ఉందా అంటే, ఆవులకు కాగితాలు ఎవరు రాస్తారమ్మా అని నవ్వింది. కొన్నవాడి పేరు కూడా సరిగ్గా గుర్తులేదు. నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఆవిడే కవరు అడుగు నుంచి పాలకేంద్రం వాళ్ల చిన్న పుస్తకం తీసి నా ముందుకు తోసింది. "ఇందులో చూడండి, ఆ వారం నుంచి పాలు తగ్గాయి కదా." రోజుకు ముప్పై లీటర్లకు పైగా పోస్తున్న మనిషి ప్రోనోటు తేదీకి వారం ముందు నుంచి ఇరవై లోపుకు వచ్చింది. నా ఇరవై రెండేళ్ల అనుభవానికి తట్టని రుజువు అది. దావాతో పాటు వేయని కాగితం కాబట్టి కోర్టు అనుమతికి పిటిషన్ వేసి, దాన్ని మా వైపు మూడో రుజువు కాగితంగా, ఎ-3గా గుర్తింపజేశాం.

ఇక నా హడావిడి సంగతి. మొదటి రోజు కుర్చీ వెనక నిలబెట్టి "ప్రోనోటు ఎక్కడ రాశారమ్మా?" అని అడిగాను. ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న. "మండీలో" అంది. కాయల సీజను, తోతాపురి లోడు కాటా వేస్తున్నారు, మండీ గుమస్తా లెక్క ఆపి ప్రోనోటు రాశాడు, రెవెన్యూ స్టాంపు ఆయన సొరుగులోనే ఉంది. ఒక్క చప్పుడు లేకుండా చెప్పింది. చప్పుడు నా గుండెల్లో. దావాలో నేను "వాది ఇంటి వద్ద" అని రాశాను. ఆవిడ అలా చెప్పలేదు. పాత దావా నకలు ముందు పెట్టుకుని పేర్లు, అంకెలు మార్చినప్పుడు ఆ మాట అలాగే ఉండిపోయింది. చదివి వినిపించకుండానే సంతకం పెట్టించాను.

ఇక్కడే కొందరు "ఇంట్లోనే అని చెప్పెయ్యమ్మా, పోయేదేముంది" అంటారు. అలా అన్న రోజు నా కుర్చీ నిజంగానే మా చుట్టాలు అనుకునే కుర్చీ అవుతుంది. పైగా మండీ గుమస్తా కూడా మా సాక్షే, అతను వచ్చి మండీ అంటాడు. దావా సవరణకు పిటిషన్ వేశాను. విచారణ మొదలయ్యాక సవరణ దొరకడం కష్టం. సాక్షి తన కథంతా ప్రమాణపూర్వకంగా రాసిచ్చే చీఫ్ అఫిడవిట్ దాఖలైతే విచారణ మొదలైనట్టే. అదృష్టవశాత్తూ అది ఇంకా వేయలేదు. అవతలివాళ్లు గట్టిగానే అడ్డుపడ్డారు. కోర్టు వెయ్యి రూపాయల ఖర్చులు కట్టమని అనుమతించింది. ఆ వెయ్యి ఆవిడ దగ్గర తీసుకోలేదని వేరే చెప్పక్కర్లేదు. సవరించినా పాత మాట కేసు కట్టలోంచి పోదు. సాక్ష్య చట్టంలో పాత 145వ సెక్షన్, కొత్త చట్టంలో 148, దాని కింద ఆ కాగితం ముందు పెట్టి అడుగుతారు. అడగనీ అనుకున్నాను.

తర్వాత మూడు సాయంత్రాలు మా జూనియర్ అవతలి వకీలు అవతారం ఎత్తాడు. ఆవిడ బలహీనత మొదటి ఐదు నిమిషాల్లోనే బయటపడింది. అడిగిన దానికి జవాబు చెప్పి ఆగదు. "అతను మీకు ఏమవుతాడు?" అంటే మేనత్త ఆడపడుచు దగ్గర మొదలుపెట్టి పెళ్లిళ్లన్నీ చెప్పేది. ప్రశ్న పూర్తయ్యే దాకా ఆగడం, తెలిస్తే తెలిసినంత, తెలియకపోతే తెలియదు, గుర్తులేకపోతే గుర్తులేదు, ఆపైన నోరు కట్టేసుకోవడం. నేను నేర్పేది ఇంతే. ఇంగ్లండులో బారిస్టర్లకు సాక్షితో సాక్ష్యాన్ని రిహార్సల్ చేయించే హక్కే లేదు. మన దగ్గర హద్దు ఎవరికి వారు గీసుకోవాల్సిందే. ప్రశ్నలు నావి, జవాబులు మాత్రం కక్షిదారువి. నా గీత అక్కడ.

క్రాస్ చివర్లో వచ్చే సూచనలు అన్నిటికన్నా కష్టం. "మీరు అప్పు ఇవ్వలేదనీ, ఖాళీ కాగితం నింపుకున్నారనీ, అబద్ధపు సాక్ష్యం చెబుతున్నారనీ సూచిస్తున్నాను" అంటూ వరుసగా వదులుతారు. ఒక్కొక్కదానికీ "నిజం కాదు" అంటే చాలు, అది ఆ వకీలు తప్పనిసరిగా జరిపే తంతు. ఆవిడకు తిట్టులా వినిపించింది. కుర్చీ టకటకలాడింది. "నీకు తల్లి లేదా నాయనా, నన్ను అబద్ధాలకోరు అంటావా!" అని జూనియర్ మీదకు లేచింది. పాపం, వాడు నిజంగానే క్షమాపణ చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, "ప్లీడరమ్మా, ఇదంతా ఎందుకు? అతన్ని కాణిపాకం రమ్మనండి. ఇద్దరం కోనేట్లో మునిగి స్వామి ముందు ప్రమాణం చేస్తాం. ఎవరిది నిజమో తేలిపోతుంది" అంది.

తీసిపారేయాల్సిన మాట కాదు. 1873 నాటి ప్రమాణాల చట్టంలో అచ్చంగా ఆ దారి ఉండేది. నువ్వు ఫలానా ప్రమాణం చేసి చెబితే నేను కట్టుబడతాను అని ఒకరు కోర్టులో అంటే, రెండోవారు అలా ప్రమాణం చేసి చెప్పిన మాటే తిరుగులేని రుజువు. 1969 చట్టంలో దాన్ని తీసేశారు. ఈ సంగతి చెబితే ఆవిడ చాలాసేపు విచారించింది.

మండీ గుమస్తాతో, సాక్షి సంతకం పెట్టిన ఇంకో రైతుతో వేరువేరుగా, వేరే రోజుల్లో మాట్లాడాను. ఒకరు పొద్దున అన్నారు, ఒకరు భోజనాల వేళకు దగ్గర అన్నారు. అలాగే వదిలేశాను. ముగ్గురూ ఒకే మాట ఒకే వరుసలో అప్పజెబితే నమ్మే జడ్జిని నేనింకా చూడలేదు.

సాక్ష్యం రోజు ఆవిడ బోను కడ్డీ మీద రెండు చేతులూ వదులుగా పెట్టుకుని నిలబడింది. చీఫ్ అఫిడవిట్ ఇంగ్లీషులో ఉంది కదా, ఏముందో తెలుసా అని ఎదుటి వకీలు గారు అడిగారు. తెలుగులో చదివి వినిపించారు, రెండు సార్లు, అంది. ఈసారి నిజంగానే వినిపించాను. మూడేళ్లు ఎందుకు ఊరుకున్నారంటే, వాళ్ల అమ్మాయి పెళ్లి అయ్యే దాకా ఆగమన్నాడు, ఆగాను, అంది. తర్వాత ఆయన పాత దావా కాగితం పైకెత్తారు.

"మొదట మీ ఇంట్లో రాశామన్నారు. ఇప్పుడు మండీ అంటున్నారు. ఏది నిజం?"

సాక్షికి సైగ చేసినట్టు కనిపించకూడదని నేను తల వంచి కట్ట చూసుకుంటున్నాను.

"మండీలోనే. ఇంట్లో అని మా ప్లీడరమ్మ రాసింది. ఆ రోజు ఆమెకు తీరిక లేదు."

అని ఆగిపోయింది. జడ్జి గారు ఒకసారి నా వైపు చూసి, ఆ మాటను ఉన్నదున్నట్టుగా ఇంగ్లీషులో టైపిస్టుకు చెప్పారు. డిపోజిషన్, అంటే కోర్టు రాసుకున్న ఆవిడ సాక్ష్యం, సర్టిఫైడ్ కాపీ ఇప్పుడు మా కట్టలో ఉంది. ఆ వాక్యం కింద మా జూనియర్ పెన్సిలుతో గీత గీసి పెట్టాడు.