5.8 గిగాహెర్ట్జ్ బిళ్ల యాంటెన్నా: టెక్కలి డైమండ్ ప్యాడ్‌తో ట్యూనింగ్

ఈ యాంటెన్నాలో సిగ్నల్‌ని వెదజల్లేది సిరామిక్ బిళ్లే. బిళ్ల అల్యూమినాది (అల్యూమినియం ఆక్సైడ్). పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రాన్ని పదార్థం ఎంత నిలుపుకుంటుందో చెప్పే సంఖ్య) 9.8, వ్యాసం 14 మి.మీ., ఎత్తు 7 మి.మీ. హెచ్‌ఈఎం11 మోడ్ (బిళ్లలో తరంగం కంపించే ఒక తీరు) సూత్రంలో వేస్తే 5.71 గిగాహెర్ట్జ్ వస్తోంది. కావాల్సింది 5.8. అంటే ఎత్తు 6.75కి దిగాలి. 0.1 మి.మీ. అరిగితే డిప్ (యాంటెన్నా నుంచి వెనక్కి వచ్చే సిగ్నల్ బాగా తగ్గే చోటు, అంటే అది పనిచేసే ఫ్రీక్వెన్సీ) దాదాపు 35 మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది.

పర్మిటివిటీ 38 ఉన్న బిళ్ల అయితే వ్యాసం 7.5తో సరిపోయేది. చిన్నగా ముచ్చటగా ఉంటుంది గానీ, క్యూ (ఇది పెరిగేకొద్దీ పనిచేసే బ్యాండ్ ఇరుకవుతుంది) 7 నుంచి 43కి పోతుంది, బ్యాండ్‌విడ్త్ 95 మెగాహెర్ట్జ్‌కి పడిపోతుంది. 5.725 నుంచి 5.875 వరకు 150 కావాలి కాబట్టి అది కుదరదు. అల్యూమినాలో లెక్క ప్రకారం 550 వస్తుంది, చిన్న కొలత తేడాలను అదే కాచుకుంటుంది.

అరగదీయడమే అసలు పని. అల్యూమినా మీద ఆకురాయి జారిపోతుంది, ఎమెరీ కాగితమే అరిగిపోతుంది. టెక్కలి వైపు గ్రానైట్ పాలిష్‌కి వాడే డైమండ్ ప్యాడ్‌లే దీనికి దారి: ముందు 100 నంబరు, ఆఖర్న 400. ప్యాడ్ మెత్తన కాబట్టి చేత్తో పట్టుకుని రుద్దితే బిళ్ల అంచులు గుండ్రబడతాయి. ప్యాడ్‌ని మందపాటి అద్దం మీద అంటించి, నీళ్లు పోస్తూ, బిళ్లను తేలిగ్గా నొక్కి తిప్పాలి. నాలుగు చోట్ల మైక్రోమీటర్ పెట్టి చూస్తే తేడా 0.02 దాటకూడదు. పొడిగా రుద్దొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

బిళ్ల కింద 60×60 మి.మీ. ఇత్తడి రేకు. ఎస్‌ఎంఏ కనెక్టర్ (కేబుల్ తగిలించే చిన్న మరల కనెక్టర్) రంధ్రం బిళ్ల మధ్య నుంచి 7.64 మి.మీ. దూరంలో వేస్తే 1.27 మి.మీ. పిన్ బిళ్ల పక్కగోడకు సరిగ్గా ఆనుతుంది. పిన్ పొడవు 5.5 మి.మీ. దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా తగ్గించాలి. కోసింది మళ్లీ అతకదు.

డిప్‌ని చూపించే వీఎన్‌ఏ (వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్) 6 గిగాహెర్ట్జ్ దాటి కొలిచేదై ఉండాలి. డిప్ లెక్కకన్నా పైన పడిందంటే ముందు బిళ్ల కింద గాలిసందును అనుమానించాలి. థర్మకోల్ ముక్కతో పైనుంచి నొక్కితే డిప్ కిందికి జారిందా, అదే. వేలు పెడితే వేలే యాంటెన్నాను చెడగొడుతుంది. రేకులో డ్రిల్ లేపిన అంచును గీకేయాలి. సూపర్ గ్లూ కూడా కింద పూయకుండా, పిన్‌కి ఎదురువైపు అంచున ఒక చుక్క చాలు. బిళ్ల తీసేసినా డిప్ కనిపిస్తుంటే అది కేబుల్‌దో కాలిబ్రేషన్‌దో.

ప్రస్తుతం ఎత్తు 6.76, డిప్ 5.81 దగ్గర మైనస్ 22 డీబీ. ఇక ఉప్పుగాలికి ఆగే మూత మిగిలింది. అది బిళ్లకు తగిలితే డిప్ కిందికి దిగుతుంది కాబట్టి, ఆఖరి 0.05 మి.మీ. అరగదీత మూత పెట్టి కొలిచాకే.