కెమెరా ముట్టని కెమెరామన్

అమెరికాలో షూటింగులకు కెమెరా అసిస్టెంటుగా వెళ్ళడం మొదలుపెట్టిన కొత్తలో నాకు అంతుపట్టని మనిషి సినిమాటోగ్రాఫరే. పెద్ద యూనిట్లలో ఆయన కెమెరా ముట్టడం అరుదు. దాన్ని నడిపేది ఆపరేటర్. ఫోకస్ చూసేది ఫస్ట్ అసిస్టెంట్. క్లాప్ కొట్టడం, లెన్సులు అందించడం, నటులు ఆగే చోట నేల మీద టేపు అతికించడం సెకండ్ అసిస్టెంట్ వంతు, అంటే నా వంతు. లైట్ల బాధ్యత గాఫర్‌ది. మరి ఈయనకు అంత పేరెందుకు?

ఒకరోజు కిటికీ పక్కన దిగులుగా కూర్చున్న స్త్రీ దృశ్యం తీస్తున్నాం. ఏ లైటు తెప్పిస్తారా అని చూస్తుంటే ఆయన నల్లగుడ్డ అడిగారు. ముఖానికి రెండో వైపు దాన్ని నిలబెట్టగానే గోడల నుంచి తిరిగి వచ్చే వెలుగు ఆగిపోయి, సగం ముఖం నీడలోకి జారింది. తర్వాత ఎండ వైపు చూసి, గది మొత్తం కనిపించే షాట్లు ముందు తీసేద్దామన్నారు. పొద్దు వాలాక క్లోజప్పులకు కిటికీ బయట లైటు పెట్టి పగటిని సృష్టించవచ్చు. గదంతటికీ అలా చేయాలంటే చాలా లైట్లు కావాలి. దర్శకుడి మనసులోని దిగులును వెలుగు లెక్కల్లోకి మార్చి, పొద్దు గుంకేలోగా పని ముగించడమే ఆయన ఉద్యోగం.

ఇప్పుడు నేను ఫోకస్ చూస్తున్నాను. మీటర్లలో పెరిగినవాణ్ణి, ఇక్కడ అడుగులు, అంగుళాల్లో ఆలోచించాలి. 85 మిల్లీమీటర్ల లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని (అపెర్చర్) f/1.4 దాకా బాగా తెరిస్తే, రెండు మీటర్ల దూరంలో స్పష్టంగా ఉండేది సుమారు నాలుగు సెంటీమీటర్లే. నటుడు ఊపిరి పీల్చి కాస్త ముందుకు వంగినా కళ్ళు మసకబారతాయి.

ఈ రంగంలోకి రావాలనుకునేవారు ఫిల్మ్ స్కూలా, సెట్టా అని అడుగుతుంటారు. స్కూల్లో దొరికే అసలు లాభం, రేపు దర్శకులయ్యే స్నేహితులు. పరాయి దేశంలో ఎవరూ తెలియనివారికైతే కెమెరాలు అద్దెకిచ్చే సంస్థలో ఉద్యోగమే మంచి ద్వారమని నా అభిప్రాయం. షూటింగుకు ముందు అసిస్టెంట్లందరూ పరికరాలు పరీక్షించుకోవడానికి అక్కడికే వస్తారు. మరో లాభం కూడా ఉంది: మన పని సినిమా సినిమాకూ యజమాని మారే పని, చాలా పని వీసాలేమో ఒకే యజమానికి ముడిపడి ఉంటాయి. అద్దె సంస్థలోనైతే యజమాని ఒక్కరే. సొంత కెమెరా కొనే తొందర మాత్రం వద్దు.

షోరీల్‌లో, అంటే మన పనితనం చూపించే చిన్న వీడియోలో, సూర్యాస్తమయాలు పెట్టకండి. వాటి అందం సూర్యుడిది. ఒకే దృశ్యంలోని నాలుగైదు షాట్లు వెలుగు చెదరకుండా అతికాయని చూపించండి. అసిస్టెంటుగా ఉండగానే చిన్న సినిమాలకు ఛాయాగ్రహణం చేస్తూ ఉండాలి. ఫోకస్ బాగా చూసేవాణ్ణి అందరూ ఫోకస్‌కే పిలుస్తారు. ఆ పిలుపుల్లో డబ్బూ ఉంటుంది, మర్యాదా ఉంటుంది. అందుకే కాదనడం కష్టం.