ఏడు గంటల వార్తలు, పక్కింటి నైనై

షాంఘైలో మా ఫ్లాట్ గోడలు పల్చన. సాయంత్రం ఏడు కాగానే పక్కింట్లోంచి వార్తల సంగీతం వినిపించేది. పై ఇంట్లోనూ అదే, కింద వాచ్‌మన్ గదిలోనూ అదే. షిన్‌వెన్ లియెన్‌బో అంటారు, వార్తల ఉమ్మడి ప్రసారం అని అర్థం. 1978 జనవరి 1న మొదలైంది. బీజింగ్‌లోని సెంట్రల్ టెలివిజన్ నుంచి అరగంట వస్తుంది. ప్రావిన్సుల ఛానెళ్లు చాలావరకు అదే సమయానికి అదే వేస్తాయి. అంత పెద్ద దేశానికీ గడియారం ఒక్కటే. ఎండాకాలంలో పడమటి చివరనున్న ఉరుమ్చీలో ఈ వార్తలు అయిపోయేసరికి ఇంకా ఎండ కాస్తూనే ఉంటుంది.

మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా చైనీస్ టీచరమ్మ ఈ వార్తలు రోజూ చూపించమంది. ఉచ్చారణ కుదురుతుందట, వ్యాసాలకు మంచి మాటలు దొరుకుతాయట. మా ఇంట్లో టీవీ లేదు. పక్కింటి పెద్దావిడ తనే పిలిచి సోఫాలో చోటిచ్చింది. పిల్ల ఆమెను నైనై అనేది. నైనై అంటే నాన్నవాళ్ళమ్మ, మన నాయనమ్మే. ఆ పిలుపు వినగానే నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నేల కొత్తదైనా పిల్లకు ఒక నాయనమ్మ దొరికింది కదా అనుకున్నాను.

వారం తిరక్కముందే పిల్ల ఆ యాంకర్ల గొంతులోకి దిగిపోయింది. ఒక ఆయన, ఒక ఆవిడ, నిటారుగా కూర్చుని ఒక్క అక్షరం జారకుండా చదువుతారు. మా చిన్నప్పుడు హైదరాబాద్ దూరదర్శన్‌లో శాంతిస్వరూప్ గారిని మా నాన్న అంతే శ్రద్ధగా వినేవారు. 1983 నవంబరులో తెలుగు వార్తలు మొదలైనప్పుడు ప్రాంప్టర్ లేక ఆయన వార్తలను బట్టీపట్టి చెప్పేవారు. ‘తెలుగు అట్లా పలకాలె’ అనేవారు నాన్న. నా కూతురు నోట ఇప్పుడు అలాంటి స్పష్టత పలుకుతోంది, కానీ వేరే భాషలో. అది విని సంతోషపడ్డ రోజులున్నాయి, రాత్రి నిద్రపట్టని రోజులూ ఉన్నాయి.

నైనై ఇంట్లోనూ ఈ బాధే ఉందని తర్వాత తెలిసింది. ఆమె, ఆమె భర్త మాట్లాడుకునేది షాంఘై మాట. మనవడికి అది రాదు. బడిలోనూ టీవీలోనూ పుతోంగ్‌హువా ఒక్కటే, అంటే దేశమంతటికీ ప్రామాణికమైన చైనీస్. ‘వాడు నాతో వార్తల్లో మాట్లాడినట్టు మాట్లాడతాడు’ అని ఒకసారి చెప్పి, నా చేయి పట్టుకుని ‘మీ భాష వదలొద్దు’ అంది.

ఆ అరగంటకు ఒక వరస ఉంటుంది. మొదట నాయకుల సమావేశాలు, పర్యటనలు. తర్వాత దేశం సాధించినవి: పంట బాగా పండింది, కొత్త రైలుమార్గం వచ్చింది. చివరి కొద్ది నిమిషాలు విదేశాలకు. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకరోజు ఇంటికొచ్చి, ‘అమ్మా, కష్టాలన్నీ ఆఖర్లోనే వస్తాయేం? అవన్నీ వేరే దేశాల్లోనే ఉంటాయేం?’ అని అడిగింది. ఏం చెప్పాలో వెంటనే తోచలేదు. నైనైని తక్కువ చేసే మాట నా నోట రాకూడదు, పిల్ల కళ్ళకు గంతలూ కట్టకూడదు. ‘చెప్పేవాళ్ళు ఏది ముందు పెడతారో, ఏది వదిలేస్తారో అది కూడా చూడాలమ్మా, ఎక్కడైనా అంతే’ అన్నాను. సగమే అర్థమైనట్టు తలూపింది.

2020 జూన్ 16 సాయంత్రం ఏడింటికి ఆ మాట మా ఇంటికే వచ్చింది. ఇండియాలో అప్పుడు నాలుగున్నర. సూర్యాపేట దగ్గర మా పుట్టింటి నుంచి అమ్మ ఫోన్. ‘సంతోష్ బాబు పోయిండంట బిడ్డా, చైనోళ్ళతోని కొట్లాటల. మన సూర్యాపేట పిల్లగాడే.’ ముందు రోజు రాత్రి లద్దాఖ్ సరిహద్దులోని గల్వాన్ లోయలో రెండు దేశాల సైనికుల మధ్య ఘర్షణ. కల్నల్ సంతోష్ బాబుతో కలిపి మనవాళ్ళు ఇరవై మంది చనిపోయారని ఆ రాత్రికి తెలిసింది. అమ్మ ఏడుస్తూ చెబుతుంటే గోడకవతల యాంకర్ గొంతు వినిపిస్తూనే ఉంది. పిల్ల తిరిగొచ్చాక అడిగాను. ఆ అరగంటలో గల్వాన్ మాటే రాలేదు. ‘అమ్మమ్మ ఏడుస్తుంటే వీళ్ళెందుకు చెప్పలేదు?’ అంది.

ఆ వారం మన ఛానెళ్లను ఫోన్లో పెడితే అరుపులు. వీధుల్లో చైనా టీవీలు పగలగొట్టే వీడియోలు. అవి చూసి పిల్ల, ‘నైనై టీవీ కూడా పగలగొడతారా?’ అని భయపడింది. నాకు కోపం వచ్చింది, రెండు వైపులా. ఒకచోట మనిషి చావును మాట కూడా లేకుండా దాటేశారు, ఇంకోచోట ఆ చావు మీద కేకలు పెట్టారు. సంతోష్ బాబు ఇద్దరు చిన్నపిల్లల గురించి నెమ్మదిగా చెప్పినవాళ్ళు తక్కువ. నేనే చెప్పాను, పడుకోబెట్టేటప్పుడు, తెలుగులో. నైనై ఇంటికి వెళ్ళడం మాత్రం మాన్పించలేదు. వద్దన్న బంధువులున్నారు.

ఎనిమిది నెలలు గడిచాయి. 2021 ఫిబ్రవరి 19న చైనా ఆ గల్వాన్ ఘర్షణలో తమవాళ్ళు నలుగురు చనిపోయారని ప్రకటించింది. వాళ్ళలో బెటాలియన్ కమాండర్ చెన్ హోంగ్‌జున్ చనిపోయేనాటికి భార్య గర్భవతి. కొత్త సంవత్సరం సంబరాల వారం అది, నైనై బల్లమీద నారింజలు ఇంకా ఉన్నాయి. ఆ రోజు నేనూ వెళ్ళి కూర్చున్నాను. తెరమీద ఫోటోలు వస్తుంటే ఆమె కళ్ళు తుడుచుకుంది. పిల్ల ఆమె మోచేయి పట్టుకుని, తన శుద్ధమైన చైనీస్‌లో చెప్పింది: మావాళ్ళు ఇరవై మంది పోయారు నైనై, ఒకాయన మా అమ్మమ్మ వాళ్ళ ఊరి దగ్గరివాడు, ఆయనకి ఇద్దరు పిల్లలు.

నైనై చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘ఆ ఊరి పేరేమిటి?’ అని అడిగింది.

‘సూర్యాపేట.’

ఆమెకు నోరు తిరగలేదు. పిల్ల విడగొట్టి చెప్పింది: సూ, ర్యా, పే, ట. ఆమె మళ్ళీ ప్రయత్నించింది. వాతావరణ సూచన సంగీతం మొదలై, బీజింగ్‌లో రేపు ఎంత చలో చెబుతున్నారు. ఇద్దరూ అటు చూడలేదు.