శాలిహుండం నుంచి శ్రీకూర్మం దాకా

శ్రీకాకుళం జిల్లా గార మండలంలో, వంశధార కళింగపట్నం వద్ద సముద్రంలో కలవడానికి కాస్త ముందు, నది కుడిగట్టున శాలిహుండం కొండ ఉంది. నిత్యమైన ఆత్మ లేదన్న బౌద్ధ భిక్షువులు ఆ కొండ మీద శతాబ్దాలపాటు నివసించారు. అదే మండలంలోని శ్రీకూర్మంలో, జీవులు ఒకరికొకరు వేరనీ, ఆ భేదం ముక్తిలోనూ పోదనీ బోధించిన మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థుల శాసనాలు ఉన్నాయి. ఈ రెండింటినీ ఒకే రోజున చూడాలన్న కోరికతో, వేదాంతం చదువుకున్న మా మావయ్యను వెంటబెట్టుకుని బయలుదేరాను.

శాలిహుండం శిథిలాలను 1919లో గుర్తించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాషా ఉద్యమంతోనే ఆయనను తలుచుకునే మనకు ఈ సంగతి అంతగా గుర్తుండదు. ఇటుక స్తూపాల మధ్య నడుస్తూ, ఇక్కడి తవ్వకాల్లో ధాతుకరండాలు, అంటే పూజ్యుల అస్థికల వంటి అవశేషాలను దాచే భరిణెలు, దొరికాయని చెప్పగానే మావయ్య నవ్వారు. "నేనంటూ ఎవరూ లేనప్పుడు ఎవరి ధాతువుల్ని అంత భద్రంగా దాచుకున్నార్రా?" అన్నారు. ప్రశ్న చమత్కారమైనదే గాని బౌద్ధుణ్ణి ఇరుకున పెట్టేది కాదు. రూపం (శరీరం), వేదన (అనుభూతి), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారాలు (మనసులోని ముద్రలు, ప్రవృత్తులు), విజ్ఞానం (ఎరుక) అనే అయిదు స్కంధాల కలయికను మనిషి అని పిలవడానికి గాని, ఆ మనిషిని పూజించడానికి గాని అతనికి అభ్యంతరం లేదు; ఆ అయిదింటి వెనుక మార్పులేని యజమాని ఉన్నాడంటేనే ఒప్పుకోడు.

శ్రీకూర్మం వెళ్లే ఆటోలో మావయ్యకు కునుకు పట్టింది. దిగేటప్పుడు, "హాయిగా నిద్రపోయాను, దారి తెలియలేదు" అన్నారు. వేదాంతులు తరతరాలుగా చర్చించిన వాక్యం దాదాపు ఇదే. ఏమీ తెలియని ఆ వేళ హాయి ఎవరికి తెలిసింది? ఆత్మ ఒక్కటేననే అద్వైతులు దీన్నిబట్టి నిద్రలోనూ వెలిగే సాక్షి చైతన్యాన్ని, అంటే అన్నిటినీ చూస్తూ ఉండే ఎరుకను, నిరూపిస్తారు. మధ్వాచార్యుల మతస్థులైన మాధ్వులు కూడా సాక్షిని ఒప్పుకుంటారు గాని, అది ఏ జీవుడికి ఆ జీవుడి స్వరూపమైన ఇంద్రియమనీ, సుఖదుఃఖాలనూ కాలాన్నీ అదే నేరుగా గ్రహిస్తుందనీ అంటారు.

పడమటి ముఖంగా ఉన్న కూర్మనాథుణ్ణి దర్శించుకుని, ఆవరణలోని తాబేళ్ల దగ్గర ఆగాం. అవయవాలను లోపలికి ముడుచుకునే తాబేలుతో స్థితప్రజ్ఞుణ్ణి పోల్చిన గీతాశ్లోకం మావయ్య చదివారు. ఆ శ్లోకం ఇంద్రియనిగ్రహాన్ని చెబుతుందే తప్ప, అన్నీ ముడుచుకున్నాక మిగిలేది ఒక ఆత్మా, అనేకాత్మలా, కేవలం ఒక ప్రవాహమా అన్నది తేల్చదని నాకనిపించింది.

శాసనాలున్న స్తంభాల నీడలో మా వాదం మళ్లీ మొదలైంది. ప్రతిదీ క్షణకాలమే ఉంటుందనే బౌద్ధుల క్షణికవాదంలో, నిన్న చూసిన నేనే నేడు తలుచుకుంటున్నానన్న అనుభవం కుదరదనీ, అందుకే బ్రహ్మసూత్రాలు ఆ వాదాన్ని "అనుస్మృతేశ్చ" (జ్ఞాపకం వల్ల కూడా) అన్న ఒక్క మాటతో కొట్టివేస్తాయనీ మావయ్య గుర్తుచేశారు. బలమైన యుక్తే. కానీ జ్ఞాపకం వల్ల రుజువయ్యేది నిన్నటికీ నేటికీ నడుమ తెగని సంబంధం మాత్రమే. ఆ సంబంధానికి మార్పులేని ఆత్మే ఆధారం కానక్కరలేదనీ, సంస్కారాల పరంపర చాలుననీ బౌద్ధుడు జవాబు చెప్పగలడు. నిద్ర గురించిన యుక్తికి మాత్రం అతని జవాబు నాకు అంత తృప్తికరంగా తోచలేదు. మెలకువ వచ్చాక శరీరం తేలికపడటాన్ని బట్టి హాయిని ఊహించుకుంటామని బౌద్ధుడి తరఫున నేనంటే, మావయ్య ఒక్క ముక్కలో తోసిపుచ్చారు: "నేను ఊహించుకోలేదురా, నాకు తెలుసు."